కాలిక్యులేటర్‌కి కట్టిన నల్లతాడు

భిలాయి-3 స్టేషన్లో నా పక్క బెంచీమీద ఒక అత్తా కోడలూ వాదులాడుకుంటున్నారు. కోడలి ఒళ్లో పాప జ్వరంతో కాలిపోతోంది. రైలెక్కి ఆసుపత్రికే వెళ్దామంటుంది కోడలు. అత్త సంచిలోంచి పాత కాలిక్యులేటర్ తీసి చూపించింది.

"ఇది మెమొరీలో దాసిన అంకె మర్సిపోయీది. నల్లతాడు కట్టాక గుర్తెట్టుకుంటంది కదేటి! పాపకీ అదే కడదాం, ఇంటికి పద."

కోడలు తాడు విప్పి, ఒక అంకె దాచి కాలిక్యులేటర్ని కుదిపింది. అంకె మాయం! ఆమె తన జడకున్న రబ్బరు బ్యాండు లాగి దానికి బిగించి, మళ్లీ అంకె దాచి కుదిపింది. అంకె నిలిచింది!

"బేటరీ సెల్లు మూత వదులైపోయిందత్తా. నొక్కి ఉంచితే సాలు, అంతే. ఇప్పుడీ రబ్బరుకీ పూజ సేద్దామేటి?"

లేచి చప్పట్లు కొట్టేశాను! మూఢనమ్మకాలు వద్దంటూ ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను గానీ ఇంత సూటైన రుజువు ఎన్నడూ చూపలేదు.

రైలొచ్చింది. పాపను ఎత్తుకుని ముందు ఎక్కింది అత్తే.