ఆ ఆటలో సంగీతం కరుణది

నిన్న శనివారం. కరుణకి డయాలసిస్ రోజు.

ఉదయం ఆరున్నరకి ఆమదాలవలస నుంచి ఆటోలో శ్రీకాకుళం వెళ్లాం. దారిలో మామూలుగానే ఉంది. ఆటో హారన్ ఏ శ్రుతిలో ఉందో చెప్పి నవ్వింది.

ఎనిమిదికి మిషన్ పెట్టారు. కాసేపటికి నేను టీ కోసం కిందికి దిగాను. సగం గ్లాసు తాగేసరికి నర్సు ఫోన్.

"సార్, వెంటనే పైకి రండి."

నేను వెళ్లేలోపే అయిపోయింది. గుండె ఆగిందన్నారు. హెడ్‌ఫోన్స్ ఇంకా చెవులకే ఉన్నాయి. అందులో పాట నడుస్తోంది.

టీ గ్లాసు నా చేతిలోనే ఉందని, ఎవరో తీసుకుంటే తెలిసింది.

ఈ రోజు మధ్యాహ్నం నౌపడలో, వాళ్ల నాన్న సమాధి పక్కన, భూస్థాపన చేశాం. వచ్చినవాళ్లందరికీ కృతజ్ఞతలు.

ఒక్కడికి తప్ప.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కరుణ నా మేనత్త కూతురు, నా భార్య. వీడియో గేమ్స్‌కి సంగీతం కట్టేది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు కాలేజీలో క్లాసులు ముగించుకుని ఇంటికొచ్చాను. టీవీ ముందు కూర్చుని గేమ్ ఆడుతోంది. తెరమీద బుల్లి సైనికుడు వానలో నిలబడి తడుస్తున్నాడు. ఎంతసేపటికీ కదలడు.

"ఆణ్ని కదుపే, సచ్చిపోతాడు," అన్నాను.

"ఉండు బావా, పాట అవనీ. ఆడు సచ్చినా మళ్లీ పుడతాడు."

ఆమె గెలవడానికి ఆడేది కాదు, వినడానికి ఆడేది. ఆఖరిదాకా ఆడిందంటే ఒకటే కారణం. చివర్లో పేర్లు వస్తాయి. సంగీతం ఎవరిదో చూసి నోట్‌బుక్‌లో రాసుకునేది. పాత ఆటల్లో చాలావాటికి పేరే ఉండదు, ఉన్నా మారుపేరు. వాటి దగ్గర "పేరు తెలీదు. బాగుంది" అని రాసేది.

విశాఖలో ఒక గేమ్ స్టూడియో యజమాని ఉన్నాడు. ఆరేళ్లు కరుణ చేత పాటలు చేయించుకున్నాడు. "ఈ గేమ్‌కి కంపెనీ పేరు పడనీ చెల్లెమ్మా, వచ్చేదానికి నీ పేరే." ప్రతిసారీ అదే మాట. చర్చిలో పరిచయమైనవాడు కదా అని మేం కాగితం అడగలేదు.

తప్పు మాదే.

కిందటేడు అతని పెద్ద ఆట వచ్చింది. ముప్ఫై రెండు పాటలు. సగం పాటలు డయాలసిస్ మంచం మీదే కట్టింది. ఒక చేతికి సూదులు, రెండో చేతి కింద చిన్న కీబోర్డు.

విడుదల రోజే మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో ఆట ముగించింది. పేర్లు వచ్చాయి. బొమ్మలకి రంగులు వేసినవాళ్ల పేర్లు, ఆఫీసులో టీ ఇచ్చేవాళ్ల పేర్లు కూడా వచ్చాయి.

సంగీతం దగ్గర అతని పేరు.

కరుణ మళ్లీ మొదటినుంచి ఆడటం మొదలుపెట్టింది.

"ఏటే ఇది?"

"కొన్ని ఆటలకి రెండు ముగింపులుంటాయి బావా. ఒక్క ప్రాణం కూడా పోకుండా గెలిస్తే యేరే పేర్లు వస్తాయేమో."

తొమ్మిది రోజులు పట్టింది. ఒక్క ప్రాణం పోలేదు.

అదే పేరు వచ్చింది.

అతన్ని నిలదీస్తానన్నాను. వద్దంది. "ఆడు పేరెట్టుకుంటే పాట మారిపోతాదేటి?"

ఊరుకున్నాను. అతని కొత్త ఆటకి కూడా పాటలు కడుతూనే వచ్చింది. తను ఉన్నన్నాళ్లూ తన మాటే. ఇప్పుడు నా మాట.

ఈ రోజు అతను సమాధి దగ్గరికి వచ్చాడు. పెద్ద పూలదండ తెచ్చాడు. "మా గేమ్స్‌కి మంచి అభిమాని" అని పదిమందిలో అన్నాడు.

అభిమాని.

తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"అన్నయ్యా, ఇలాంటప్పుడు అడగకూడదు గానీ, కొత్త గేమ్ ఆఖరి లెవెల్ పాటలు చెల్లెమ్మ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయాయి. వచ్చే వారమే రిలీజు."

పక్కనే ఉన్న మా అత్త విన్నది.

"నా కూతురి మీద మట్టి ఆరనేదు, నీకప్పుడే కంప్యూటరు కావాలేటిరా? నడు ఇక్కణ్నించి!"

నడిచాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. కరుణ చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నది నౌపడ చర్చిలో పాత హార్మోనియం మీద. ఉప్పుగాలికి చిలుము పట్టి, మధ్యలో ఒక నల్ల మెట్టు పలికేది కాదు. బాగుచేసేవాళ్లు లేరు. పెళ్లయ్యేదాకా ఆ మెట్టు దాటుకుంటూనే వాయించింది. తర్వాత మంచి కీబోర్డులు కొన్నా వేలు దానిమీదికి వెళ్లేది కాదు. రాగం అటు పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేది.

కిందటేడే ఆ ముప్ఫై రెండు పాటల ఫైళ్లూ తెరిచి చూశాను. ఆ స్వరం ఒక్కచోట కూడా లేదు. అతను నిజంగా సొంతంగా చేసిన ట్రైలర్ పాటలో మాత్రం మొదట్లోనే ఉంది.

తేదీలతో ఆమె ఫైళ్లు, ఫోన్లో కూనిరాగం తీసి దాచుకున్న మొదటి వరసలు, అతని "చెల్లెమ్మా" మెసేజీలు, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ పోస్ట్ అతనిదాకా చేరుతుందని తెలుసు. చేరాలనే రాస్తున్నాను.

రాజీ పడమని ఎవరూ ఫోన్ చేయవద్దు. పోయినవాళ్ల పేరుతో గొడవెందుకని పాస్టరు గారు కూడా అనవద్దు. పోయినామె పేరే నాకు కావాలి. ముందు ఆ పేరు పడాలి. క్షమించే సంగతి తర్వాత.

కరుణా, వెళ్లిరా. ఇక సూదులు లేవు. నీకు మంచి విశ్రాంతి దొరకాలి.

అతనికి దొరకనివ్వను.

రేపు ఉదయం మొదటి బండికి విశాఖ వెళ్తాను. నా పాత స్టూడెంట్ అక్కడ లాయరు. కోర్టు తెరిచే వేళకి, ఆ కొత్త ఆట విడుదల ఆపమనే పిటిషన్ మీద కరుణ భర్తగా సంతకం పెడతాను.