అమ్మ కొంగు చాటు ముఖం

మనవరాలికి పాత రీలు కెమెరాలు పోగేసే పిచ్చి. ఆళ్లగడ్డ ఇంట్లో, కలరా ఉండల వాసన కొట్టే ట్రంకు పెట్టెలో మా నాయన కెమెరా దొరికింది. లోపలున్న రీలును నంద్యాలలో కడిగించింది. నాకు చదువు రాదు, నేను చెప్తుంటే తనే రాస్తోంది.

నా ఈడువాళ్లకు గుర్తుందా? ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మన అమ్మలు భయపడేవాళ్లు. నా పసితనంలోనే పోయిన అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఇప్పుడైనా చూస్తాననుకున్నాను. ప్రతి ఫోటోలోనూ కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

"ఒక్కటీ బాగా రాలేదవ్వా, పారేద్దామా?"

"చేతులు ఇరగ్గొడతా! ఆడ నా తల మీదుండేది ఎవరి చెయ్యనుకున్నావ్?"

ఏడుపు రాలేదు. ఫోటోలో ఆ చెయ్యి ఉన్నచోటే తల మీద నా చెయ్యి పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు.