తలకాయల్లేని బొమ్మల బుక్కు

ఆ రోజుల్లో కొత్త బొమ్మల బుక్కు కొనడంలో నాకున్న ఉత్సాహం దాన్ని నింపడంలో ఉండేది కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, కర్నూలు వీధుల్లో పెన్సిలు చెవిన పెట్టుకుని తిరిగే వయసులో ఎవరైనా ఆ మాటంటే కయ్యానికి కాలు దువ్వేవాణ్ణి. మొదటి పేజీ భక్తిగా, రెండోది బుద్ధిగా వేసేవాణ్ణి. మూడో పేజీలో ఎద్దు కొమ్ము వంకరపోయిందా, ఇక ఆ బుక్కు మైలపడినట్టే. అది అటకెక్కేది, అంగట్లోంచి ఇంకోటి దిగేది. (అన్ని బుక్కుల్లోనూ ఎద్దు ఒక్కటే, మా పక్కింటిది. దాని కొమ్ము నిజంగానే వంకరని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.)

మా డ్రాయింగు మాస్టారిని సున్నా సారు అనేవాళ్లం. వచ్చిన ప్రతివాడి చేతా ముందు ఒక సున్నా గీయించేవాడు మరి. కడప బళ్లో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం ఖాళీ ఉందని, సారు ఒక ఉత్తరం రాసిస్తే చాలని తెలిసింది. అది రాకపోతే మా చిన్నాయన వేరుశెనగ మిల్లులో మూటలు చూసుకుంటూ బతకాలి. పోయి అడిగాను. "రాస్తాలేప్పా. శుక్రవారానికి ఒక్క బుక్కు, మొదట్నుంచి కడాకు నింపింది పట్టుకోని రా" అన్నాడు. ఒక్కటంటే ఒక్కటి లేదు. అటక మీది బుక్కులన్నీ దించి, బొమ్మలున్న పేజీలు చించి, బైండింగు సాయిబు తాత దగ్గరికి పరుగెత్తాను. "కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి ఉండాయే! ఏం ఫికరు పడొద్దు నాయనా, అంచులన్నీ ఒక్క తీరుగా కోసిస్తా" అన్నాడాయన. అటక మీది బుక్కుల సంగతి అమ్మకు తెలీదు గానీ, కళ్లముందు కాయితం మీద ఖాళీ వదిలితే ఊరుకునేది కాదు. అందుకని నా బొమ్మల నడినెత్తి ఎప్పుడూ పై అంచుకు తగులుతుండేది. ఆ సంగతి తాతకు చెప్పాలని తోచలేదు.

శుక్రవారం అట్ట కూడా తెరిచి చూసుకోకుండా తీసుకుపోయి సారు చేతిలో పెట్టాను. మొదటి పేజీలో నెత్తిన నీళ్లు మోసే మనిషికి కడవా లేదు, తలా లేదు. రెండో పేజీలో ఒక పెద్దాయన మెడ దాకానే ఉన్నాడు. "ఏమప్పా, మన ఊర్లో ఎవురికీ తలకాయల్లేవా?" అన్నాడు సారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన ఎద్దు పేజీ దగ్గర ఆగి, "కొమ్ముల్లేకుంటే శానా బాగుండాది" అని కళ్లద్దాలు జారేదాకా నవ్వాడు. తర్వాత కాయితం తీసి ఉత్తరం రాశాడు: 'ఈ అబ్బాయి బొమ్మలు బాగా వేస్తాడు. ఇతనికి బుక్కులివ్వకండి, నల్లబల్ల ఇవ్వండి.' నాకో కొత్త బుక్కు కూడా ఇచ్చి, "ఈ తూరి కడా పేజీ నుంచి మొదలుపెట్టు" అన్నాడు.

కడపలో నల్లబల్లతో హాయిగా బతికాను. రోజూ నిండేది, రోజూ తుడిచేసేవాణ్ణి. మొన్న పెట్టె సర్దుతుంటే సారిచ్చిన బుక్కు దొరికింది. చివరి మూడు పేజీలే నిండి ఉన్నాయి, మూడోదాంట్లో వంకర కొమ్ము ఎద్దు. నాకు నవ్వొచ్చింది, ఆయన మీద బెంగా కలిగింది. ఈసారి బుక్కు మూయలేదు. ఇంకో పేజీ తిప్పి, పైన నాలుగు వేళ్ల మందం ఖాళీ వదిలి, సున్నా సారు తలకాయ మొదలుపెట్టాను.