బూడిద రంగు గళ్లు

మత్తిగిరిలో మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఫోనులో వాతావరణ సందేశం మోగింది. మీ ప్రాంతంలో వాన కురుస్తోందట. తలెత్తి చూశాను. మబ్బు కింద వాన తెరలా వేలాడుతోంది. నా కాళ్ల కింద సిమెంటు మాత్రం కాలిపోతోంది. ఎక్కడిదో తడిమట్టి వాసన వచ్చి వెక్కిరించి పోయింది. ఇలాంటప్పుడు మునిరత్నంగారు గుర్తొస్తారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, హోసూరులో ఆయన నడిపిన చిన్న ఆఫీసులో పనిచేశాను. ధ్రువ ప్రాంతంలో ఒక రాడార్ మబ్బుల్లోకి తరంగాలు పంపేది. తిరిగొచ్చిన ప్రతిధ్వని బలాన్ని బట్టి ఎంత మంచు, ఎంత వాన కురుస్తోందో మేము అంచనా కట్టి పటాలు గీయాలి. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడనివాళ్లం! ఆ రాడార్‌కు నేల దగ్గర ఏమీ కనబడదు. పైనుంచి దిగే మంచు పొడిగాలికి మధ్యలోనే ఆవిరైపోవచ్చు, నేల చేరనూవచ్చు. అలాంటి చోట్ల పటంలోని గళ్లలో మేము సున్నా పెట్టేశాం. ఆయన అవన్నీ తీయించి బూడిద రంగు వేయించారు.

“సున్నా అంటే మంచు పడలేదని సాక్ష్యం చెప్పినట్టమ్మా. ఆడికి పోయి చూసినావా?”

“మీరు చూసినారా సార్?”

“లేదు. అందుకే బూడిద.”

మాకు పనిచ్చే ఏకైక విదేశీ కంపెనీకి అది నచ్చలేదు. ఖాళీలు నింపండి, లేకపోతే పని వేరేవాళ్లకిస్తాం అంది. పక్క గళ్లు చూసి అంకెలు వేసేద్దామని నేను పోట్లాడాను. “మా పొయ్యిలో పిల్లి లేవకుంటే మీ బూడిద పూసుకోమంటారా సార్?”

ఆయన అలసటగా కళ్లద్దాలు తీశారు. “ఒకసారి కృష్ణగిరి నుంచి చూస్తే మా వేప్పనపల్లి పక్క వాన దిగినట్టే కనిపించె. తోటలో వాన పడతా ఉందని తమ్ముడికి ఫోన్ చేసినా. వాడు నీళ్లు కట్టకుండా పెండ్లికి పోయినాడు. ఆడ చుక్క పడలే. లేత మామిడి మొక్కలన్నీ ఎండిపాయ. నేను అబద్ధం చెప్పలేదమ్మా. తెలీనిదాన్ని తెలిసినట్టు చెప్పినా, అంతే.”

పటాలు బూడిద రంగుతోనే వెళ్లాయి. పని పోయింది. కొన్ని నెలలకు ఆఫీసూ మూతపడింది. కుర్చీలు ఆయనే మోసి వ్యాన్‌లో పెడుతుంటే నా నోరు ఊరుకోలేదు. “బాగుంది సార్, ఇప్పుడు మా బతుకే బూడిద రంగు.”

ఆయన నడుము పట్టుకుని నవ్వారు. “సున్నా కాదు కదమ్మా!”

ఆ గళ్ల కింద మంచు పడిందో లేదో ఇప్పటికీ తెలియదు. తరువాత ఎన్నో ఆఫీసుల్లో అలసిపోయేదాకా వాదించాను. నోరేమీ తగ్గలేదు. కానీ వాదన మధ్యలో ఆగి “ఇది నాకు తెలియదు” అనగలను. అలా అన్నది నేనేనంటే విన్నవాళ్లే నమ్మరు.

పక్క మేడ మీది అమ్మాయి కేకేసింది. “అక్కా, వాన వస్తాదా? బట్టలు తీసేయాల్నా?”

“తెలీదమ్మా,” అన్నాను. నా బట్టలు తీగ మీదే ఉంచి, ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాను.