పాత ఆంప్, దాని రెండు నకళ్ళు

2017లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, షార్జాలో రోలా పేటలోని మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్ తలుపు తట్టినవాడు బిల్డింగ్ నాతూర్. కాపలాదారుని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. అతను రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ నవ్వుతూ చెప్పి వెళ్ళాడు. ఈసారి నవ్వలేదు.

"సాబ్, ఇంకొక్క కంప్లైంట్ వస్తే ఆఫీసువాళ్ళు మీ కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యరు. ఖలాస్" అని హిందీలో చెప్పి, మా అల్లుడి భుజం మీదుగా హాల్లో మూలనున్న పెట్టె వైపు చూశాడు.

ఆ పెట్టె ఒక గిటార్ ఆంప్లిఫైయర్. ఇంట్లో అందరం ఆంప్ అనే అంటాం. లోపల గాజు ట్యూబులతో పనిచేసే పాతకాలపుది. సౌండు తగ్గించి వాయిస్తే దానికి ప్రాణం ఉండదు. గుబ్బ సగం దాటి తిప్పితేనే ట్యూబులు వేడెక్కి, తీగ చప్పుడుకు ఒక కరకరలాడే అంచు వస్తుంది. ఆ సగం దాటిన సౌండుకే పక్క ఫ్లాట్లో చంటిబిడ్డ నిద్ర లేస్తోంది. వాళ్ళ తప్పేమీ లేదు.

మా అల్లుడిది దుబాయ్‌లో ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం. షార్జా నుంచి రోజూ పోనూ రానూ ట్రాఫిక్‌లో మూడు గంటలు. శుక్రవారం ఒక గంట గిటార్ వాయించుకోవడమే ఆయనకున్న సరదా. ఆ గంట కోసం ఫ్లాట్ వదులుకోలేరు. తెలిసినవాళ్ళెవరింట్లోనూ అంత పెట్టెకు చోటు లేదు. అందుకని ఆంప్ అమ్మెయ్యడానికే నిశ్చయించుకున్నారు. ఒక హోటల్లో వాయించే గోవా అతను కొంటానన్నాడు, రెండు వారాల్లో వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

"ఇకనుంచి లాప్‌టాప్‌లో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకుంటాను మామయ్యా. ఇప్పుడందరూ అదే చేస్తున్నారు" అన్నారు అల్లుడు, నాకు సర్ది చెబుతున్నట్టు. నేనేమీ అడగలేదు.

"అదే సౌండ్ వస్తుందా?" అన్నాను.

"అదే తెలీడం లేదు. రెండు దారులున్నాయి. ఒకటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్. ఈ రకం ఆంప్ సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి, కంప్యూటర్లో దాన్ని మళ్ళీ కడతారు. గుబ్బలన్నీ ఉంటాయి, తిప్పితే నిజం ఆంప్‌లాగే మారుతుంది. రెండోది క్యాప్చర్. దానికి సర్క్యూట్‌తో పని లేదు. మన ఆంప్‌లోకి ఏవో శబ్దాలు పంపి, ఏం బయటికొచ్చిందో విని, ఆ తేడా మొత్తం పట్టేసుకుంటుంది. కాకపోతే గుబ్బలు అప్పుడు ఎక్కడున్నాయో అక్కడి సౌండే దొరుకుతుంది."

"అంటే మొదటిది ప్లాను చూసి కట్టిన ఇల్లు. రెండోది కట్టేసిన ఇంటికి తీసిన కొలతలు."

"అలాగే అనుకోండి."

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు కొలత పరికరాలు సరిచూసే పని చేశాను. ప్రెషర్ గేజీ వంద చూపిస్తే అది నిజంగా వందేనా, థర్మామీటర్ ఎంత అబద్ధం చెబుతోంది, ఇదే పని. అంతకు ముందు ఏడాదే రిటైరై, మా ఆవిడతో అమ్మాయి వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ప్లానుకీ, కట్టినదానికీ తేడా వస్తే ఏది నమ్మాలన్నది నేను రోజూ ఎదుర్కొన్న ప్రశ్న. ఆ సాయంత్రం డైరీలో దాన్నే రాసుకున్నాను. కింద ఒక పంక్తి: "ఒకే వాయింపు మూడిటి గుండా పంపి, కళ్ళు మూసుకుని వినాలి."

ఆంప్ గట్టిగా మోగించాలంటే ఇంట్లో కుదరదు. మా పాత వర్క్‌షాప్ శుక్రవారం మూసి ఉంటుంది. తాళాలు స్టోర్‌కీపర్ దగ్గరుంటాయి. జగిత్యాల వైపు మనిషి, నాతో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఫోన్ చేశాను.

"ఏంది సార్, రిటైరైనంక గేజీలు యాదికొస్తున్నయా?"

"గేజీలు కాదయ్యా, గిటారు."

"గిటారా! గీ వయసుల?"

"నాది కాదు. మా అల్లుడిది."

"గట్ల చెప్పున్రి. శుక్రారం పొద్దుగాల తాళం తీసి ఉంచుత. యల్లా, రాండ్రి."

క్యాప్చర్ చేసే పెట్టెను అల్లుడు ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చారు. ఆంప్ స్పీకరు ముందు మైకు నిలబెట్టి, దాన్ని ఆ పెట్టెకు కలిపారు. మీట నొక్కగానే ఆంప్‌లోంచి ఈలలు, బుసలు, కిచకిచలు మొదలయ్యాయి.

స్టోర్‌కీపర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "సార్, గిది గిటారేనా? దయ్యం పట్టినట్టు కూస్తున్నదేంది?"

గుబ్బలను మూడు చోట్ల ఉంచి మూడు క్యాప్చర్లు తీశారు. మెత్తటి సౌండుకొకటి, ఆయన ఎక్కువగా వాయించేదానికొకటి, గట్టిదానికొకటి. మూడిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నారు.

తర్వాత పరీక్ష. అల్లుడు ఒక చిన్న వాయింపు ముందే రికార్డు చేశారు. దాన్నే ఆంప్‌లోకి, సాఫ్ట్‌వేర్‌లోకి, క్యాప్చర్‌లోకి పంపి, బయటికొచ్చినదాన్ని రికార్డు చేసి, మూడిటినీ ఒకే స్పీకర్లలో వినాలి. వరుస నిర్ణయించడానికి చీటీలు తీశాను. ఏ నంబరు వెనక ఏది ఉందో నాకొక్కడికే తెలుసు.

మొదటి విడతలో ఇద్దరూ సాఫ్ట్‌వేరే బాగుందన్నారు. నాకు అనుమానం వచ్చింది. స్టోరులోంచి చప్పుడు కొలిచే మీటర్ తెప్పించి చూస్తే, సాఫ్ట్‌వేర్ మిగతా రెండిటికంటే కాస్త గట్టిగా మోగుతోంది. గట్టిగా ఉన్నది చెవికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ విడత ఫలితం కొట్టేసి, మూడిటినీ మీటర్ మీద సమానం చేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి అల్లుడు తడబడ్డారు. స్టోర్‌కీపర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నాడు. మోటారు బేరింగు అరిగిందో లేదో చప్పుడును బట్టి చెప్పే మనిషి అతను.

"ఒకటీ మూడూ ఒక్క తల్లి పిల్లలు సార్. రెండోది పక్కింటిది."

రెండోది సాఫ్ట్‌వేర్. చీటీలు కలిపి మళ్ళీ మళ్ళీ వినిపించాను. ఒక్కసారి తప్ప ప్రతిసారీ దాన్నే వేరు చేశాడు.

"ఎలా తెలుస్తోంది?"

"దొడ్డు తీగ కొట్టినప్పుడు గా రెండోది బొయ్యిమంటున్నది. తక్కిన రెండు టక్కున ఆగుతున్నయి. మీకు ఇనొస్తలేదా?"

అప్పుడు వినిపించింది. అల్లుడి మొహం వెలిగింది. క్యాప్చర్ అచ్చం ఆంప్‌లాగే ఉంది. తనకు కావలసింది అదే. సామాన్లు సర్దడం మొదలుపెట్టారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. సన్న తీగల మీద మూడూ ఒక్కలాగే ఉన్నాయి. తేడా దొడ్డు తీగల దగ్గరే.

"సాఫ్ట్‌వేర్ ఎంతైనా లెక్కే కదా మామయ్యా" అన్నారు అల్లుడు.

"లెక్క తప్పైతే అన్నిచోట్లా కాస్త కాస్త తేడా రావాలి. ఒక్కచోటే వచ్చిందంటే ఏదో కారణం ఉంది" అన్నాను.

ఇంటికి వచ్చాక కూడా ఆ బొయ్యిమనే చప్పుడు వదల్లేదు. ఆ ఆంప్ లోపల ఒకసారి నేను చెయ్యి పెట్టిన జ్ఞాపకం లీలగా ఉంది. నా డైరీల్లో ప్రతి ఏడాది చివరి పేజీల్లో విషయసూచిక రాసుకుంటాను. 2010 డైరీలో, మా అమ్మాయి పెళ్ళయిన ఏడాది, "రిపేర్లు" కింద దొరికింది.

కొత్త అల్లుడు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆంప్ గరగరమంటోందని మాటల్లో అన్నారు. మామగారికి ఇలాంటివి తెలుసని అమ్మాయి చెప్పిందట, కారు డిక్కీలో తెచ్చారు. విప్పి చూస్తే ఒక కెపాసిటర్ పోయింది. ఇరవై అయిదు విలువగలది వెయ్యాలి. నా డబ్బాలో లేదు. శుక్రవారం కాబట్టి దుకాణాలు సాయంత్రం వరకు తియ్యరు. "కొత్త అల్లుడు మొదటిసారి ఒక పని చెబితే కాదని పంపుతారా?" అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి. డబ్బాలో ఉన్నది ఒకటి విలువగలది. అదే వేశాను. గరగర పోయింది. బాగైపోయిందని చెప్పాను. డైరీలో మాత్రం ఇలా ఉంది: "25 బదులు 1 వేశాను. తాత్కాలికం. ఈసారి వచ్చినప్పుడు మార్చాలి."

చేసిన పని పక్కన టిక్కు పెట్టడం నా అలవాటు. ఆ పంక్తి పక్కన టిక్కు లేదు.

ఆ చోట చిన్న కెపాసిటర్ వేస్తే కింది స్వరాలు, అంటే దొడ్డు తీగల మోత, పలచబడతాయి. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు. ప్లానులో ఉన్నది ఉన్నట్టు కట్టింది. క్యాప్చర్ కూడా తప్పు చెప్పలేదు. ఎదుట ఉన్నదాన్ని, నా తప్పుతో సహా కొలిచింది. ముప్ఫై ఏళ్ళు ఇతరుల గేజీల్లో తప్పులు పట్టి సర్టిఫికెట్లు రాసిన నాకు, ఆ పేజీ చూశాక టీ సయించలేదు.

మర్నాడు పొద్దున డైరీ తెచ్చి అల్లుడి ముందు పెట్టాను. ఆయన చదివి, డైరీ మూసి, నవ్వడం మొదలుపెట్టారు.

"ఆ రోజు ఇంటికెళ్ళి వాయించగానే తెలిసింది మామయ్యా, సౌండ్ మారిందని."

"మరి చెప్పలేదేం?"

"కొత్త అల్లుణ్ణి. మీరు చొక్కా చేతులు మడిచి రెండు గంటలు కింద కూర్చుని చేశారు. అత్తయ్యగారేమో జీడిపప్పు ఏరి ఏరి వడ్డిస్తున్నారు. బాగా లేదని ఎలా చెప్తాను?"

"బాగా లేదా?"

"మొదట్లో అస్సలు బాగా లేదు. తర్వాత వేళ్ళు దానికి అలవాటు పడ్డాయి. ఇప్పుడు ఆ టక్కున ఆగేది లేకపోతే అది నా వాయింపు కాదు."

మా ఆవిడ వింటోంది. "ఏడేళ్ళు ఇద్దరూ కడుపులో దాచుకున్నారన్నమాట. మీ మర్యాదలు తగలెయ్య" అంది.

అసలు చిక్కు తర్వాత గుర్తొచ్చింది. కొనే అతనికి అల్లుడు ఒక మాట చెప్పి ఉన్నారు, ఒకసారి రిపేరైనా లోపల భాగాలన్నీ కంపెనీ వేసిన విలువలవేనని. అది నిజం కాదని ఇప్పుడు తేలింది. అల్లుడు వెంటనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. అతను అసలు విలువ కెపాసిటర్ తిరిగి వేసిస్తే తీసుకుంటానన్నాడు. లేకపోతే తనకు వద్దన్నాడు.

అల్లుడు ఫోన్ పెట్టేసి ఆంప్ పక్కన కూర్చున్నారు. అది ఇంట్లో ఉంటే ఫ్లాట్ పోతుంది. కెపాసిటర్ మారిస్తే ఆ సౌండ్ లోకంలో ఎక్కడా ఉండదు, అప్పటికే తీసిన మూడు క్యాప్చర్లలో తప్ప. ఇంకొన్ని తీద్దామంటే క్యాప్చర్ పెట్టె అరువిచ్చిన స్నేహితుడు దాన్ని తీసుకుని ఫుజైరాకు బదిలీ మీద వెళ్ళిపోతున్నాడు, సామాన్లన్నీ కట్టేశాడట.

"మార్చెయ్యండి మామయ్యా" అన్నారు చివరికి.

ఆ తర్వాతి శుక్రవారం మళ్ళీ వర్క్‌షాప్. నేను ప్లగ్గు తీసి, లోపల మిగిలిన కరెంటు దిగిపోయిందో లేదో మీటర్‌తో చూసుకుని, పాత కెపాసిటర్ విప్పాను. అల్లుడు టార్చి పట్టుకున్నారు. కొత్తది వేసి మోగించి, అదే పరీక్ష మళ్ళీ పెట్టాను. నాకు ఆత్రంగా ఉంది.

స్టోర్‌కీపర్ కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇగ చూడున్రి. గిప్పుడు డబ్బా, గా పక్కింటిది ఒక్కటైనయి. మొన్నటి బిడ్డ ఒక్కతే మిగిలింది."

ఆంప్, సాఫ్ట్‌వేర్ కలిసిపోయాయి. క్యాప్చర్ ఒంటరిదైంది. ప్లాను చూసి ఆ సాఫ్ట్‌వేర్ కట్టినవాళ్ళ మీద నాకు నిజంగా గౌరవం కలిగింది. మా పెట్టెను వాళ్ళెప్పుడూ చూడనైనా లేదు. పదకొండు గంటలకు గోవా అతను వచ్చాడు, దొడ్డు తీగ ఒక్కసారి మోగించి, "ఇదే, ఇదే" అంటూ ఆంప్ వ్యాన్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రం 2010 డైరీలో ఆ పంక్తి పక్కన టిక్కు పెట్టాను.

తర్వాతి శుక్రవారాల్లో హాల్లో తీగల పొడి చప్పుడు మాత్రమే వినిపించేది. సౌండంతా అల్లుడి హెడ్‌ఫోన్స్‌లోనే. నాలుగైదు వారాలు చూసి అడిగాను.

"ఎలా ఉంది?"

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నారు. "బాగానే..." అని ఆగారు. "నిజం చెప్పనా?"

"ఈసారైనా చెప్పండి."

"ఆ మూడు చోట్లా అచ్చం అదే. కానీ కాస్త తగ్గిద్దామని గుబ్బ తిప్పితే మన ఆంప్ కాకుండా పోతోంది. సాఫ్ట్‌వేర్ ఎంత తిప్పినా ఆంప్‌లాగే ఉంటోంది, కానీ అది మన ఆంప్ కాదు."

నేను ఆ మాటలు రాసుకుంటూ మధ్యలో కలం ఆపాను. వర్క్‌షాపులో మా దగ్గర ఒక తూకపు రాయి ఉండేది. దాన్ని ఎవరూ వాడరు. మిగతావాటిని దానితో పోల్చి సరిచేస్తాం, అంతే.

"సాఫ్ట్‌వేర్‌లో గిటార్ సౌండు ఆంప్‌లోకి వెళ్ళకముందే కింది స్వరాలు తగ్గించే ఏర్పాటేమైనా ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"నేను కెపాసిటర్‌తో చేసిన పని అదే. ఇప్పుడు లాప్‌టాప్‌లో చేద్దాం. క్యాప్చర్‌ని కొలతగా పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ దానితో కలిసేదాకా తగ్గించుకుంటూ పోదాం. మూడు చోట్లా కలిస్తే మధ్యలోనూ కలిసే అవకాశం ఉంది."

అల్లుడు నా వైపు చూసి, కుర్చీ ఇంకొకటి లాగారు. హెడ్‌ఫోన్స్ రెండో జత నా చేతికిచ్చారు. నేను మౌస్ పట్టుకున్నాను, ఆయన దొడ్డు తీగ మోగించారు.

"ఎలా ఉంది?"

"బాగా లేదు మామయ్యా. ఇంకా బొయ్యిమంటోంది."

కాస్త తగ్గించాను.

"ఇప్పుడు?"

"మరీ పలచనైపోయింది. వెనక్కి తిప్పండి. అబ్బా, అంత కాదు."

డైరీలో ఆ పేజీ నిండా అంకెలే ఉన్నాయి. ఒక్కొక్క అంకె పక్కన అల్లుడి మాట యథాతథంగా రాశాను: బాగా లేదు. బాగా లేదు. ఇదీ బాగా లేదు. కొంచెం దగ్గరికొచ్చింది.