పేరు చెప్పుకోలేని రోగంలో దొరికిన కనికరం

సహోదరులారా, తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టే మా ఆయన యేసేబు, నలభై ఏండ్లయినా నిండని మనిషి, ఒకరోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి కుడిచెయ్యి లేవక, మూతి వంకరపోయి నా కళ్లముందే ఒరిగిపోయాడు! మా వైపు పక్షవాతమంటే ముందు పావురాన్ని వెతుకుతారు. మా అత్త పావురాన్ని కోయించి, ఆ వెచ్చని నెత్తురు కొడుకు చేతికీ కాలికీ రుద్దింది, నేనూ కొంగు బిగించి రుద్దాను, ఆయన మాట మాత్రం ఇంకా ముద్దగా అయిపోయింది.

చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే, డాక్టరమ్మ నెత్తురు, వెన్నులో నీరు పరీక్ష చేయించి మా ఇద్దరికీ చెప్పింది: ఇది సిఫిలిస్, పెద్దవాళ్లు సవాయి అనే సుఖరోగం, ఎప్పుడో ఒంట్లో చేరి మెదడు నరాలదాకా పాకిందట. ఏండ్ల కిందట ఆయన అరచేతుల్లో మచ్చలు వచ్చి పోతే బండల దుమ్ము పడలేదని కొబ్బరినూనె రాశాం! “నీకూ పరీక్ష చేయాలమ్మా” అంది.

నా కడుపు మండిపోయింది. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయనేమో ఆ ముద్దమాటలతోనే ఏడుస్తూ, “నన్ను ఇంటికి పిల్చుకపో మేరీ. ఉత్త పచ్చవాతమని చెప్పు. ఈ పేరు బయటపడితే యా మొగం పెట్టుకోని బతికేది? సచ్చినా మేలే” అన్నాడు.

మందు ఎక్కించకపోతే మళ్లీ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను సంతకం చేస్తే ఇంటికి పంపించేస్తారు, ఆ కోపంలో చేసేదాన్నే! ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ప్రార్థించాను: “నాయనా, ఈ మనిషి మింద నాకు శానా కోపముండాది. అయినా ఈయన్ని సావనీయొద్దు. నా కోపం నువ్వు మొయ్యి, ఈయన్ని నేను మోస్తా.”

లేచి లోపలికి పోయి, “ముందు నాకు నెత్తురు తీయండమ్మా” అని చెయ్యి చాపాను. అది చూసి ఆయన ఇంటిమాట ఎత్తలేదు. నాకూ ఆ రోగం ఉందని తేలింది! ఆయనకు నరానికి, నాకు తుంటికి సూదులు వేశారు. దేవునికే మహిమ! ఈరోజు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు, నా కోపమూ పూర్తిగా పోలేదు, దేవుని సన్నిధిలో అబద్ధమెందుకు! కానీ ప్రభువు దాన్ని నాతోపాటు మోస్తున్నాడు. ఇదంతా మీకు చెప్పమన్నది కూడా మా ఆయనే, అదిగో ముందు వరసలో కూర్చున్నాడు.

మీలో ఎవరైనా సిగ్గుపడి ఒంట్లో రోగం దాచుకుంటున్నారా? మన ప్రభువు కుష్ఠరోగిని చేత్తో ముట్టుకున్నవాడు, ఆయన్ను నమ్మండి! ఒంటరిగా పోవడానికి భయమైతే మా ఇంటికి రండి. ఏం రోగమని అడగను, మీతో ఆసుపత్రికి వస్తాను.