గుమ్మడికాయ నడిపిన సైటు

రాజోలులో నాకో జిరాక్సు షాపుంది. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి వచ్చిన మా వదిన ఒకరోజు షాపులో కూర్చుని, "గల్ఫుకెళ్లే ఆడాళ్లు నోరు తెరిచి అడగడానికి ఒక చోటుండాలి" అంది. అలా మొదలైంది మా చిన్న వెబ్‌సైటు. ఏ ఏజెంటుని నమ్మొచ్చు, జీతం ఆపేస్తే ఎవరితో చెప్పుకోవాలి, పాస్‌పోర్టు లాక్కుంటే ఏం చెయ్యాలి, ఇలాంటివన్నీ అందులో అడుగుతారు. వెళ్లొచ్చినవాళ్లు జవాబు చెబుతారు. ఆ సైటు మూతపడితే చాలామందికి అడిగే దిక్కే ఉండదు.

దానికి ఏటా అద్దె కట్టాలి. మొదట్లో నా షాపు డబ్బులే పెట్టాను. ఒక ఏడు అద్దె పెరిగింది, నా బేరాలు తగ్గాయి. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చొక్కాతో ఒక ఏజెంటు దిగాడు.

"ఖర్చంతా నేను చూసుకుంటానండీ. పైన మా ఆఫీసు ప్రకటన ఒక్కటి వేయించండి చాలు."

నాకు ఆశ పుట్టిన మాట నిజం. వదిన మాత్రం ఆయనకు టీ ఇచ్చి సాగనంపి, "రేపు ఈయన ఎవర్నైనా ముంచేడనుకో, ఈయన డబ్బుతో నడిచే చోట ఆ సంగతి ఎవరు రాస్తారు?" అంది.

కోతల పండుగకి మా చర్చిలో ఇళ్ల నుంచి తెచ్చిన కాయలూ పళ్లూ వేలం పాట పెడతారు. పాడుకున్నవాళ్లు డబ్బిచ్చి, కాయని మళ్లీ పాటకే వదిలేస్తారు. అదే పద్ధతిలో వదిన తన పెరట్లోని గుమ్మడికాయ ఫొటో నా చేత సైటులో పాటకి పెట్టించింది. మస్కట్‌లో ఉన్నావిడ పాడుకుని, "నాకెలాగూ అందదు కదండీ, మళ్లీ పాట పెట్టండి" అంది. దోహా ఆవిడ పాడుకుంది, ఆవిడా వదిలేసింది. తీగ మీంచి కదలకుండానే ఆ కాయ ఏడాది అద్దె సంపాదించింది.

చర్చిలో కానుకలిచ్చినవాళ్ల పేర్లు పైకి చదవడం మాకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ, డబ్బు పంపినవాళ్ల పేర్లన్నీ కృతజ్ఞతలతో సైటు పైన పెట్టేశాం. అంతే, కొందరు రాయడం మానేశారు. యజమాని నెలల తరబడి జీతం ఇవ్వడం లేదని రోజూ మొరపెట్టుకునే ఒకావిడ జాడే లేదు.

"ఆవిడ పేరు అక్కడ లేదు కదా. ఏమీ ఇవ్వనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడుగుతాననుకునుంటుంది" అంది వదిన.

ఆవిడ ఏ ఇంట్లో ఉందో మాకు తెలియదు. నాకు అన్నం సహించలేదు.

పేర్లన్నీ తీసేశాం. ఎవరు ఇచ్చారో ఇక మీదట ఎవరికీ చెప్పబోమనీ, అడగడానికి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదనీ రాశాం. పేరు తీసేశారని ఒక్కరంటే ఒక్కరు అలగలేదు. ఆ ఆడవాళ్లకి నేను ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

ఆ శుక్రవారం ఆవిడ రాసింది.

"నేనేం ఇవ్వలేదండీ. అడగొచ్చాండీ?"

అడగండమ్మా అని నేను టైపు చేసేలోపే ఎక్కడెక్కడి నుంచో జవాబులొచ్చి పడ్డాయి. మొదటిదాంట్లో ఒకటే మాట ఉంది.

"ముందు ఇది చెప్పు, అన్నం తిన్నావామ్మా?"